ఇంట్లోనే ఉండే పిల్లికి పచ్చి మాంసం తిండి: మాంసం ఎంత, కూరగాయలు ఎంత? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు, వనపర్తి వైపు పిల్లిని గడప దాటనీయకుండా పెంచే ఇళ్లు పెరిగాయి. ప్యాకెట్ తిండి వద్దనుకుని చికెన్ సెంటర్ నుంచి మాంసం తెచ్చి ఇంట్లోనే కలిపి పెట్టాలనుకునేవాళ్ల కోసం ఈ పేజీ. ఇక్కడి లెక్కలన్నీ 4 కిలోల బరువుండి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి, ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లికి వేసినవి. ఏడాది నిండని కూనలకు, కడుపుతో ఉన్నవాటికి, కిడ్నీ జబ్బో షుగరో ఉన్నవాటికి ఈ కొలతలు పనికిరావు. వాటి తిండిని పశువైద్యుడే నిర్ణయించాలి.

మాంసం, కూరగాయలు సగం సగం కలిపితే సమతులం అవుతుంది కదా?

కాదు. అది మన కంచం లెక్క. పిల్లి గిన్నెలో 100 గ్రాముల తిండి ఉంటే అందులో కూరగాయలు 3 నుంచి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా చాలు. మిగతాదంతా మాంసం, గుండెకాయ, కాస్త కార్జం, గుడ్డు సొన, నీళ్లు.

పిల్లి శరీరం మాంసం మీదే బతికేలా తయారైంది. క్యారెట్‌లోని బీటా కెరోటిన్‌ను మనం విటమిన్ ఏగా మార్చుకుంటాం, పిల్లి మార్చుకోలేదు. ఎండలో పడుకున్నా దాని చర్మంలో సరిపడా విటమిన్ డి తయారు కాదు. నూనె గింజల్లోని కొవ్వు నుంచి అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లాన్ని తగినంత చేసుకోలేదు. ఇవన్నీ దానికి మాంసం, కార్జం, కొవ్వు, గుడ్డు ద్వారా నేరుగా అందాలి. బయట వేటాడి బతికే పిల్లులు శక్తిలో దాదాపు 52 శాతం ప్రోటీన్ నుంచి, 46 శాతం కొవ్వు నుంచి తీసుకుంటాయి. పిండి పదార్థానికి మిగిలేది 2 శాతమే.

ఇంటి తిండి చెడేది ఎక్కువగా కూరగాయల దగ్గర కాదు. కాల్షియం, టారిన్, అయోడిన్, విటమిన్ల దగ్గర చెడుతుంది. 2019లో అమెరికాలోని డేవిస్ పశువైద్య కళాశాల వాళ్లు పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో దొరికే 114 పిల్లి వంటకాలను పరిశీలించారు. అన్ని పోషకాలూ సరిపోయిన వంటకం ఒక్కటీ తేలలేదు.

మరి కూరగాయలు వేయడం దేనికి?

పీచు కోసం. ఎలుకనో పిట్టనో తినే పిల్లికి వెంట్రుకలు, ఈకలు, తోలు కూడా లోపలికి పోతాయి, ఆ పని అవి చేస్తాయి. బోన్‌లెస్ మాంసంలో అవేమీ ఉండవు. లోపలే తిరిగే పిల్లికి నడక తక్కువ, ఒళ్లు నాకుడు ఎక్కువ. అందుకే కొన్నిటికి మలబద్ధకం, వెంట్రుకల ఉండలు వస్తాయి. ఒక చెంచా ఉడికిన గుమ్మడి దానికి సాయపడుతుంది. మీ పిల్లికి విరేచనం సాఫీగా అవుతుంటే కూరగాయ లేకుండానే పెట్టొచ్చు, లోటేమీ రాదు.

ఏవి పెట్టొచ్చు? ఏవి అసలు వద్దు?

గుమ్మడికాయ అన్నిటికంటే నయం. క్యారెట్, బీన్స్, చెక్కు తీసిన బీరకాయ, సొరకాయ కూడా పర్వాలేదు. సొరకాయనైతే ముక్క కోసి నాలుకకు తాకించి చూడండి, చేదుంటే పారేయండి. ఏదైనా సరే ఉప్పు, కారం, పోపు లేకుండా మెత్తగా ఉడికించి మెదపాలి. పచ్చి క్యారెట్ తురిమి వేస్తే ఎట్లా పోయిందో అట్లాగే బయటికొస్తుంది. పిల్లి లాలాజలంలో పిండిని కరిగించే ఎంజైమ్ లేదు, పేగు కూడా పొట్టిది.

ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, ఉల్లికాడలు ఏ రూపంలోనూ వద్దు. ఇవి పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి, ఎల్లిగడ్డ ఉల్లికంటే ఘాటుగా పనిచేస్తుంది. ఉడికించినా, పొడి చేసినా విషం పోదు. అల్లం ఎల్లిగడ్డ పేస్టు కలిపిన కూరను కడిగి పెట్టడం, ఫంక్షన్ నుంచి తెచ్చిన బిర్యానీ ముక్కలు వేయడం ఇందుకే ప్రమాదం. రెండు మూడు రోజుల తర్వాత చిగుళ్లు పాలిపోవడం, మూత్రం ముదురు రంగులో రావడం కనిపిస్తే వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి. ద్రాక్ష, కిస్మిస్, పచ్చబారిన ఆలుగడ్డ కూడా వద్దు. గోంగూర, పాలకూర, తోటకూరల్లో ఆక్సలేట్ ఎక్కువ, మూత్రంలో రాళ్లు వచ్చే జాతికి అవి పెట్టకపోవడమే మంచిది.

కూరగాయలు ఎక్కువైతే నష్టమేంటి? ఆరోగ్యమే కదా?

రోజుకు 175 గ్రాములు తినే పిల్లి గిన్నెలో 50 గ్రాములు కూరగాయలే అయితే అందాల్సిన 200 కేలరీల స్థానంలో 160 దాకా అందుతాయి. 28 గ్రాముల ప్రోటీన్ 20కి పడిపోతుంది. కడుపు నిండినట్టే ఉంటుంది, వెన్ను మీద కండ మాత్రం కరుగుతూ పోతుంది. పదేళ్లు దాటిన పిల్లికి ఇది ఇంకా తొందరగా తెలుస్తుంది.

రెండో నష్టం మూత్రంలో. మాంసం తినే పిల్లి మూత్రం కాస్త ఆమ్లంగా, పీహెచ్ 6 నుంచి 6.5 మధ్య ఉంటుంది. కూరగాయలు, గింజలు ఎక్కువైతే అది క్షారం వైపు జరిగి స్ట్రువైట్ స్ఫటికాలు కట్టే అవకాశం పెరుగుతుంది. మగపిల్లి మూత్రనాళం సన్నగా ఉంటుంది కాబట్టి అక్కడ అడ్డుపడితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది.

అయితే ఒక్క చికెన్ బోన్‌లెసే పెడితే?

అది ఇంకా పెద్ద తప్పు. మంచి మాంసమే కదా అని నెలల తరబడి పెడుతూ పోతారు కాబట్టి దీని గురించి వివరంగా చెప్పాలి.

100 గ్రాముల చికెన్‌లో భాస్వరం 200 మి.గ్రా. దగ్గర ఉంటే కాల్షియం 10 మి.గ్రా. మాత్రమే. పిల్లి తిండిలో కాల్షియం భాస్వరంతో సమానంగానో, కాస్త ఎక్కువగానో ఉండాలి. 1 పాలు భాస్వరానికి 1.1 నుంచి 1.4 పాళ్లు కాల్షియం అనేది మంచి లెక్క. వట్టి మాంసంలో ఇది పూర్తిగా తలకిందులు. రక్తంలో కాల్షియం తగ్గకుండా చూసుకోవడానికి శరీరం సొంత ఎముకల నుంచే తోడుకుంటుంది. కూనల్లో కొన్ని వారాల్లోనే కాళ్లు వంగడం, ఎత్తుకుంటే అరవడం, చిన్న గెంతుకే ఎముక విరగడం కనిపిస్తాయి. పెద్ద పిల్లుల్లో నెమ్మదిగా జరుగుతుంది, ఎక్స్‌రే తీస్తే ఎముకలు పలచబడి ఉంటాయి.

పెరుగు వేస్తే సరిపోదు. పెరుగులో కాల్షియంతో పాటు భాస్వరం కూడా ఉంటుంది, మాంసం వల్ల పడిన తేడాను అది పూడ్చలేదు. మనుషుల కాల్షియం గోలీల్లో చాలావాటికి విటమిన్ డి3 కలిపి ఉంటుంది. అది ఒంట్లో పేరుకుపోతుంది కాబట్టి అంచనా మీద వాడొద్దు.

గుడ్డు పెంకుల పొడి ఎట్లా చేయాలి? ఎంత వేయాలి?

డజను గుడ్ల పెంకులు కడిగి 10 నిమిషాలు నీళ్లలో మరిగించండి. లోపలి పొర తీయగలిగినంత తీసి, ఎండలో ఒక పూట పూర్తిగా ఆరనివ్వండి. మిక్సీ చిన్న జార్‌లో పట్టి, పలుచని బట్టతో జల్లించండి. వేళ్ల మధ్య రుద్దితే టాల్కం పౌడర్‌లా ఉండాలి, గరగరమంటే మళ్లీ మిక్సీ పట్టాలి. గరుకు పొడి సరిగ్గా కరగదు, కడుపులోనూ గీసుకుంటుంది.

ఈ పొడిలో దాదాపు 38 శాతం కాల్షియం. కింద చెప్పిన కిలో కలయికకు 5.5 గ్రాములు పడుతుంది. సమంగా కొట్టిన టీ చెంచాకు 5 గ్రాముల చుట్టుపక్కల వస్తుంది గానీ, పొడి ఎంత మెత్తగా ఉందో దాన్ని బట్టి మారుతుంది. అందుకే 0.1 గ్రాము చూపించే చిన్న డిజిటల్ కాటా కొనండి. టారిన్‌కూ అదే కావాలి.

బొక్కలతో సహా పెట్టేస్తే కాల్షియం వస్తుంది కదా?

వస్తుంది. పచ్చి బొక్కను మెత్తగా ఖీమాలా పట్టగలిగే యంత్రం ఉంటేనే ఆ దారి. మన ఇంటి మిక్సీ బొక్కను పట్టదు, పలుకులు పలుకులుగా చేసి వదిలేస్తుంది. ముక్కలుగా వేస్తే పళ్లు విరగడం, గొంతులో ఇరుక్కోవడం, ఎక్కువ తింటే మలం సున్నంలా గట్టిపడి ఆగిపోవడం జరుగుతాయి. ఉడికిన బొక్క మాత్రం ఎప్పుడూ వద్దు, అది సూదిలా చీలుతుంది. ఇంటి వరకు గుడ్డు పెంకే మేలని మా అభిప్రాయం.

టారిన్ అంటే ఏంటి? మాంసంలో ఉండదా?

అది పిల్లి కంటికి, గుండెకు కావలసిన ఒక అమైనో ఆమ్లం. మాంసంలో ఉంటుంది, కానీ ఏ భాగమన్నదాన్ని బట్టి మారుతుంది. తొడ మాంసంలో, గుండెకాయలో ఎక్కువ, బ్రెస్ట్‌లో తక్కువ. మొక్కల్లో దాదాపు లేదు. పిల్లి దీన్ని సరిపడా తయారు చేసుకోలేదు, పైగా పిత్తంతో కలిసి రోజూ కొంత పోతూనే ఉంటుంది. లోపిస్తే కంటి తెర దెబ్బతిని చూపు పోతుంది, గుండె కండరం సాగి బలహీనపడుతుంది. ఈ గుండె జబ్బుకు కారణం టారిన్ లోపమేనని, టారిన్ ఇస్తే తిరిగి కోలుకుంటుందని 1987లో పాల్ పియాన్ బృందం తేల్చింది. అంతకుముందు కంపెనీ తిండి తిన్న పిల్లులు కూడా దీంతో చనిపోయేవి. అప్పటి నుంచే ప్యాకెట్ తిండిలో టారిన్ పెంచారు.

టారిన్ నీళ్లలో కరిగిపోతుంది. ఖీమా పట్టి, కడిగి, ఫ్రీజ్ చేసి, కరిగిన నీళ్లు పారబోస్తే చాలా భాగం ఆ నీళ్లతోనే పోతుంది. మాంసాన్ని ముందే కడిగి, తర్వాత కోయండి. కరిగాక ఊరిన ఎర్రనీళ్లు గిన్నెలోనే కలపండి. దాని మీద భరోసా పెట్టుకోకుండా విడిగా పొడి కూడా వేయాలి, రోజుకు 250 నుంచి 500 మి.గ్రా. కాస్త ఎక్కువైనా మూత్రంలో పోతుంది. కొనేటప్పుడు చక్కెర, రుచులు కలపని వట్టి టారిన్ పొడే తీసుకోండి.

సరే, పూర్తి కొలతలు చెప్పండి.

4 కిలోల పిల్లికి దాదాపు ఆరు రోజులకు:

కోడి తొడ మాంసం, బోన్‌లెస్, స్కిన్‌లెస్: 700 గ్రా.
కోడి గుండెకాయలు: 150 గ్రా.
కోడి కార్జం: 50 గ్రా.
గుడ్డు పచ్చసొన: 2
ఉడికించి మెదిపిన గుమ్మడి: 40 గ్రా.
నీళ్లు: 100 మి.లీ.
గుడ్డు పెంకుల పొడి: 5.5 గ్రా.
టారిన్: 2 గ్రా.
చేప నూనె: 1000 మి.గ్రా. క్యాప్సూల్స్ 2
విటమిన్ ఈ: 200 మి.గ్రా. క్యాప్సూల్ 1
అయోడిన్ ఉప్పు: 2 గ్రా.
పిల్లుల ఇంటి తిండి కోసమే తయారైన విటమిన్, ఖనిజాల మిశ్రమం: దాని డబ్బా మీద రాసినంత

ముందు పొడులన్నీ నీళ్లలో కలపాలి, అందులో సొనలు, నూనెలు గిలక్కొట్టాలి, చివరగా మాంసం వేయాలి. పొడిని నేరుగా మాంసం మీద చల్లితే ఒకచోట ముద్దకట్టి, ఒక రోజు గిన్నెలో ఎక్కువ, మరో రోజు గిన్నెలో సున్నా అవుతుంది. మాంసంలో సగం ఖీమా, సగం బఠాణి గింజ కంటే కాస్త పెద్ద ముక్కలుగా ఉంటే పిల్లి నమిలి తింటుంది, పళ్లకు మంచిది.

చివరి వస్తువును చాలామంది వదిలేస్తారు. దాన్ని వదిలితే ఇది పూర్తి తిండి కాదు. అయోడిన్‌నే చూడండి: మన ఉప్పు గ్రాముకు 15 నుంచి 30 మైక్రోగ్రాములు ఇస్తుంది, 2 గ్రాములు వేసినా ఆరు రోజులకు 60 దాటదు. పిల్లికి ఒక్క రోజుకే దాదాపు 70 కావాలి. జింక్, మాంగనీస్, విటమిన్ డి సంగతీ ఇంతే. అయితే ఆ డబ్బాలో కాల్షియం ముందే కలిపి ఉందా లేదా చూడండి. ఉంటే గుడ్డు పెంకు వేయొద్దు. టారిన్, విటమిన్ ఈ కూడా అట్లాగే సరిచూసుకోండి.

తొడ మాంసం దొరక్క మేక మాంసం వాడితే అందులో కొవ్వు తక్కువని గుర్తుంచుకోండి. మూడో వంతు మేక, మిగతాది కోడి అయితే సరిపోతుంది. కోడి తోలు కొంచెం ఉంచితే శక్తి పెరుగుతుంది, లావుగా ఉన్న పిల్లికి వద్దు.

గుండెకాయలు విడిగా దొరకడం లేదు. ఏం చేయాలి?

చాలా చికెన్ సెంటర్లలో కార్జం, కందనకాయ, గుండెకాయ కలిపే తూకం వేస్తారు. గుండెకాయ కార్జానికి అంటుకునే వస్తుంది. దాన్ని విడదీయకుండా మొత్తం 200 గ్రాములు వేసేస్తే కార్జం 150 గ్రాముల దాకా పోతుంది. అది మూడింతలు. ఇంటికొచ్చాక కత్తెరతో గుండెకాయలు వేరుచేసి తూకం వేయండి. ఉన్నన్ని వేసి, తగ్గిన బరువును తొడ మాంసంతో నింపండి. కందనకాయను కూడా మాంసం లెక్కలోనే కొద్దిగా వేసుకోవచ్చు.

కార్జం అంటే మా పిల్లికి ప్రాణం. రోజూ పెట్టొచ్చా?

మొత్తంలో 5 శాతం దగ్గరే ఆపండి. కార్జంలో విటమిన్ ఏ పేరుకుని ఉంటుంది. నెలల తరబడి ఎక్కువ తిన్న పిల్లికి మెడ ఎముకలు అతుక్కుపోతాయి. తల తిప్పలేదు, ఒళ్లు నాక్కోలేదు, ముట్టుకుంటే ఉరుముతుంది. మేక, గొర్రె కార్జంలో కోడి కార్జం కంటే రెట్టింపు ఉంటుంది, కాబట్టి సగమే వేయాలి. కార్జం వాడుతున్నప్పుడు కాడ్ లివర్ ఆయిల్ పోయొద్దు.

సాగర్ చేపలు, చెరువు చేపలు పచ్చివి వేయొచ్చా?

పచ్చివి వద్దు. మన దగ్గర ఎక్కువగా దొరికే రవ్వ, బొచ్చె, బంగారుతీగ కార్ప్ కుటుంబానివి. కార్ప్ చేపల పచ్చి మాంసంలో థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది విటమిన్ బి1ను విరిచేస్తుంది. కొన్ని వారాలకు పిల్లి తిండి మానేస్తుంది, తూలుతుంది, గడ్డం ఛాతీకి ఆనేలా మెడ వంగిపోతుంది. ఆ దశలో బి1 ఇంజక్షన్ ఇస్తే తొందరగా లేస్తుంది, ఆలస్యమైతే ఫిట్స్ వస్తాయి. ఉడికిస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది. ముళ్లు తీసి, ఉడికించి వారానికి ఒకసారి ఒక పూట చాలు.

గుడ్డు మొత్తం వేయొచ్చా?

సొన పచ్చిదైనా పర్వాలేదు. తెల్లసొనలోని అవిడిన్ అనే ప్రోటీన్ బయోటిన్ అనే విటమిన్‌ను పట్టేస్తుంది కాబట్టి దాన్ని ఉడికించాలి.

పచ్చిదే పెట్టాలా? ఉడికిస్తే పోషకాలు పోవా?

పచ్చిగా పెట్టి తీరాలన్న అవసరం లేదు. అమెరికా పశువైద్యుల సంఘం 2012 నుంచి పచ్చి మాంసం తిండి వద్దనే చెబుతోంది. కారణం పిల్లి ఒక్కటే కాదు, ఆ ఇంట్లోని మనుషులు కూడా. మాంసంలోని సాల్మొనెల్లా, ఇ.కోలి లాంటి బ్యాక్టీరియా పిల్లి మలంలో, మూతి మీద, గిన్నె అంచున ఉండిపోతాయి. పిల్లి చలాకీగానే కనిపించినా అవి ఇంట్లో తిరుగుతాయి.

ఇంట్లో గర్భిణి, చంటిపిల్లలు, బాగా పెద్దవాళ్లు, క్యాన్సర్ మందులు వాడేవాళ్లు ఉంటే పచ్చిది పెట్టొద్దు. ఈ మాటలో మాకు రెండో ఆలోచన లేదు. ఆ ఇళ్లలో ఇదే కొలతతో ఉడికించి పెట్టండి: మాంసం, గుండెకాయ, కార్జం కొంచెం నీళ్లలో మూత పెట్టి లోపలి వేడి 74 డిగ్రీలు వచ్చేదాకా ఉడికించి, ఆ నీళ్లు పారబోయకుండా చల్లార్చి, తర్వాతే టారిన్, విటమిన్లు, నూనెలు కలపాలి. వేడి మీద వేస్తే విటమిన్లు దెబ్బతింటాయి. ఉడికితే నీళ్లు తగ్గి తూకం పడిపోతుంది, కాబట్టి రోజు వాటాను మొత్తంలో ఆరో వంతుగా లెక్కపెట్టుకోండి.

పచ్చిగానే పెట్టేవాళ్లు కనీసం ఇవి పాటించాలి. పొద్దున్నే, మొద్దు కడిగి ఉన్నప్పుడే, మీ ముందు కోసిన కోడిని తీసుకోండి. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటే వారం రోజులు గడ్డకట్టించాక వాడండి, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి తిత్తులు చస్తాయి. సింగిల్ డోర్ ఫ్రిజ్ పైన ఉండే ఐస్ అర చాలావాటిలో అంత చల్లబడదు, లోపల థర్మామీటర్ పెట్టి చూడాల్సిందే. గడ్డకట్టించడం వల్ల సాల్మొనెల్లా చావదు, అది నిద్రపోయి లేస్తుంది. మలం డబ్బాను రోజూ శుభ్రం చేయండి: పిల్లి మలంలోని టాక్సోప్లాస్మా గుడ్లు అంటుకునే దశకు రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది, ఆలోపే తీసేస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది.

బర్డ్ ఫ్లూ వార్తలు వచ్చినప్పుడు?

ఆ రోజుల్లో పచ్చి కోడి పూర్తిగా మానేయండి. పిల్లులకు బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 చాలా ప్రమాదకరం. 2024 డిసెంబరులో అమెరికాలోని ఓరెగాన్‌లో గడప దాటని పిల్లి ఒకటి పచ్చి టర్కీ మాంసం తిండి తిని ఈ వైరస్‌తో చనిపోయింది. తిండిలో ఉన్నదీ పిల్లిలో ఉన్నదీ ఒకే వైరస్ అని పరీక్షల్లో తేలింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో పెంపుడు పిల్లుల్లో ఇది బయటపడింది. ఆ ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో కోళ్లు చనిపోయినప్పుడు తెలంగాణ సరిహద్దుల్లో చెక్‌పోస్టులు పెట్టాల్సి వచ్చింది. ఫ్రీజర్ ఈ వైరస్‌ను చంపదు, బాగా ఉడికించడమే మార్గం.

ఎండాకాలంలో గిన్నెలో ఎంతసేపు ఉంచొచ్చు?

మే నెలలో నల్లగొండ 44, 45 డిగ్రీలు చూస్తుంది. అప్పుడు పచ్చి మాంసం 20, 30 నిమిషాలకు మించి బయట ఉండకూడదు. తినకపోతే తీసి పారేయండి, మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టొద్దు. మాంసం తెచ్చేటప్పుడు ఐస్ వేసిన డబ్బా తీసుకుపోండి. 175 గ్రాముల చొప్పున చిన్న పొట్లాలు కట్టి గడ్డకట్టించండి, ముందు రోజు రాత్రి ఒకటి ఫ్రిజ్ కింది అరలోకి దించితే పొద్దుటికి కరుగుతుంది. పిల్లులు చల్లటిది మూతి పెట్టవు, పొట్లాన్ని గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచితే వాసన వచ్చి తింటాయి. కరెంటు పోయి పొట్లాలు పూర్తిగా కరిగి మెత్తబడితే తిరిగి గడ్డకట్టించకుండా అప్పుడే ఉడికించండి. ఎంతసేపటి కిందట కరిగాయో తెలియకపోతే పారేయండి.

పాలన్నం, పెరుగన్నం తినే పెరిగింది. అది మానిపించాలా?

ప్రధాన తిండిగా మానిపించాలి. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు పడవు, విరేచనాలవుతాయి. చెంచాడు పెరుగు ఇష్టంగా నాకితే నాకనివ్వండి. అన్నం మాత్రం కడుపు నింపి మాంసం చోటు ఆక్రమిస్తుంది.

మా ఇంట్లో మాంసం ముట్టం. పప్పు, పనీర్, సోయాతో సరిపెట్టొచ్చా?

సరిపెట్టలేరు. టారిన్, విటమిన్ ఏ, అరాకిడోనిక్ ఆమ్లం వాటిలో రావు. ఇంట్లోకి పచ్చి మాంసం తేలేకపోతే పిల్లులకు సంపూర్ణ ఆహారం అని రాసి ఉన్న తడి తిండి కొని, దానికో గిన్నె, చెంచా విడిగా పెట్టుకోండి. అందులో తక్కువతనమేమీ లేదు. తూకం తప్పిన ఇంటి తిండి కంటే అది ఎంతో మేలు.

ప్యాకెట్‌లో వచ్చే పొడి తిండి గోలీల నుంచి దీనికి ఎట్లా మార్చాలి?

రెండు మూడు వారాలు పడుతుంది. మొదటి మూడు రోజులు పాత తిండిలో ఒక చెంచా కొత్తది, తర్వాత మూడు నాలుగు రోజులకోసారి ఇంకాస్త. విరేచనాలైతే ఒక మెట్టు వెనక్కి వెళ్లండి. గోలీలను రోజంతా గిన్నెలో ఉంచకుండా పూటకు 20 నిమిషాలు పెట్టి తీసేయడం ముందు అలవాటు చేస్తే పని తేలికవుతుంది.

"ఆకలేస్తే అదే తింటుంది" అని పస్తు పెట్టడం పిల్లి విషయంలో ప్రాణాంతకం. రెండు మూడు రోజులు తినకపోతే, ముఖ్యంగా లావు పిల్లికి, ఒంటి కొవ్వంతా కాలేయంలో చేరి పచ్చకామెర్లు వస్తాయి. 24 గంటలు ఏమీ తినకపోతే పాత తిండి పెట్టేయండి. అదీ తినకపోతే ఆస్పత్రికి తీసుకుపోండి.

గడ్డి నములుతుంది. ఇంట్లో పెంచొచ్చా?

గోధుమలు నానబెట్టి కుండీలో చల్లండి, వారం పది రోజుల్లో అందుకునేంత పెరుగుతాయి. జొన్నలు మాత్రం చల్లొద్దు. లేత జొన్న మొలకల్లో సైనైడ్ విషం పుట్టే పదార్థం ఉంటుంది. మన చేలల్లో జొన్న చిగురు మేసి పశువులు పడిపోయేది దాంతోనే.

నీళ్ల సంగతి?

ఈ కలయికలో ముప్పావు వంతు నీళ్లే కాబట్టి పిల్లి గిన్నెలో నీళ్లు తక్కువ తాగుతుంది, కంగారు పడొద్దు. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు వద్దు, మీరు తాగే నీళ్లే పెట్టండి. వేసవిలో ప్రతి పూటా తిండిలో రెండు చెంచాల నీళ్లు అదనంగా కలపండి.

తిండి సరిపోతోందని ఎట్లా తెలుస్తుంది?

వారానికోసారి తూకం వేయండి. సంచిలో కూర్చోబెట్టి కూరగాయల స్ప్రింగ్ కాటాకు తగిలించినా సరే, ప్రతిసారీ అదే కాటా వాడాలి. నెలలో 200 గ్రాములు తగ్గినా పెరిగినా వాటా 10 శాతం మార్చండి. అరచేత్తో పక్కలు నిమిరితే పక్కటెముకలు పలుచని పొర కింద తగలాలి. వెన్నుపూస మొనలు పొడుచుకొస్తే కండ పోతున్నట్టు.

మలం చాలా చెబుతుంది. ఈ తిండితో అది చిన్నగా, గట్టిగా, వాసన తక్కువగా ఉంటుంది, రెండు రోజులకోసారి వచ్చినా మామూలే. తెల్లగా పొడి రాలుతుంటే కాల్షియం ఎక్కువైంది, తూకం చూసుకోండి. నల్లగా జారుగా ఉంటే కార్జం ఎక్కువై ఉండొచ్చు. కార్జం తగ్గించినా నల్లగానే తారులా వస్తుంటే అది రక్తం కావచ్చు, చూపించాలి.

ఆరు నెలలకోసారి రక్త, మూత్ర పరీక్షలు చేయించండి. జిల్లా కేంద్రంలో సౌకర్యం లేకపోతే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. మాంసం తినే పిల్లికి రక్తంలో యూరియా కాస్త ఎక్కువ చూపిస్తుంది కాబట్టి ఏం తింటోందో డాక్టర్‌కు ముందే చెప్పండి. కొలతల కాగితం, విటమిన్ డబ్బా ఫొటో, తూకాల పట్టిక వెంట ఉంటే ఎక్కడ లోటుందో ఆయనకు త్వరగా దొరుకుతుంది.

ఏం కనిపిస్తే ఆగకుండా ఆస్పత్రికి పోవాలి?

మగపిల్లి మలం డబ్బాలో పదేపదే కూర్చుని ముక్కుతూ మూత్రం రాకపోతే తెల్లవారేదాకా ఆగొద్దు, అర్ధరాత్రయినా సరే తీసుకుపోండి. నోరు తెరిచి రొప్పడం, వెనక కాళ్లు ఉన్నట్టుండి పడిపోవడం, మెడ కిందికి వాలడం, చిగుళ్లు పాలిపోవడం లేదా పసుపెక్కడం, చీకట్లో వస్తువులకు గుద్దుకోవడం, వాంతులు విరేచనాలు ఆగకుండా అవడం, ఒక రోజు దాటి ఏమీ ముట్టకపోవడం కూడా ఇదే కోవలోవి. కారులోనైనా ఆటోలోనైనా తడిగుడ్డ కప్పిన బుట్టలో తీసుకుపోండి, దారిలో నోట్లో ఏదీ పోయొద్దు.